జాడీలు నిండుకున్నాయి

సంచిలో ముందుగా చేతి తొడుగులు పెట్టింది నూకరత్నం. ఎర్రటి రబ్బరువి, మోచేతుల దాకా వచ్చేవి. ఒక్కో తొడుగులోకీ గాలి ఊది, చెవి దగ్గర పెట్టుకుని, ఎక్కడా కారడం లేదని నమ్మకం కుదిరాక మడత పెట్టింది. వాటి మీద టెస్టరు, పానా, ఫ్యూజుల పొట్లం, రాగి తోమడానికి ఇసుక కాగితం. అన్నం గిన్నె విడిగా గుడ్డలో కట్టింది. అన్నీ సర్దాక బయటికి తీసి మళ్ళీ సర్దింది. సంచి త్వరగా సర్దితే మనిషి త్వరగా వెళ్ళిపోతాడు.

గవరయ్య చొక్కా తొడుక్కుంటూ, ఆవకాయ పెట్టావా అని అడిగాడు.

"జాడీ నిండుకుంది మావా. ఉల్లిపాయ పెట్టినాను, సరిపెట్టుకో."

"పనికాడ మా మేడమ్మ గాని ఇంటే, నిండుకుంది కదా, పట్టుకు రా, నానూ తింటానంటాది."

ఆమె నవ్వలేదు. ఆమె పుట్టింట్లో బియ్యమైనా ఉప్పైనా అయిపోయిందని అనరు. ఖాళీ అన్న మాట ఇంట్లో పలికితే ఆ ఖాళీ వచ్చి ఇంట్లోనే కూర్చుంటుందని తల్లి చెప్పేది. అలాగే దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. గవరయ్య కొండ మీద పనిచేస్తాడు కాబట్టి, పెళ్ళయిన నాటి నుంచి ఆమె అతన్ని కొండెక్కుతున్నావా అని ఒక్కసారీ అడగలేదు. పనిలోకెల్తన్నావా అనే అడిగేది. ఎవరైనా అడిగితే కూడా పనిలోకెళ్ళాడనే చెప్పేది.

అతని ఖాకీ ప్యాంటుకు ఎడమ జేబు మణికట్టు మునిగేంత లోతుగా కుట్టింది ఆమే. కరెంటు దగ్గర పని కుడిచేతితోనే చెయ్యాలి, ఎడమ చెయ్యి జేబులోంచి రాకూడదు. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా దారి చేసుకుంటుంది. ఇది అతను పెళ్ళయిన కొత్తలో ఏదో కబురు చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఆ రోజే ఉన్న జేబు విప్పేసి లోతు జేబు కుట్టింది.

గుమ్మం పక్కన ఆనించిన పొడుగు కర్ర అందుకున్నాడు. దాని కొసన రాగి కొక్కెం, కొక్కేనికి తీగ. ఎక్కడైనా కరెంటు మిగిలిపోయి ఉంటే ముందు ఆ కర్రతో తాకించి నేలలోకి దించెయ్యాలి.

"ఆకాశం బాగోలేదు మావా."

"బాగోకపోబట్టే కదేటి ఎల్తన్నాను. ఉడుపుల్లో సైరన్ అరుపు ఇనపడితే నారు ఒగ్గీసి పరిగెట్టు. ఎల్లొత్తాను."

ఆ కొండ పేరు సూరికొండ, కింద ఊరు గెడ్డవలస. కొండ మీద ఉన్నది ఒక కొలిచే పెట్టె, బీరువాలో సగం ఉంటుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ విదుల జుట్టు దాని పక్కనే నెరిసింది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, ఆ పెట్టె మబ్బులోంచి చిటికెడు విద్యుత్తు లాగి చూసి, పిడుగు ఎంతసేపట్లో పడుతుందో చెబుతుంది. దగ్గర పడితే సైరన్ కూస్తుంది. లాగినదాన్ని పట్టి ఉంచడానికి పక్కనే వరసగా పింగాణీ పాత్రలుండేవి. వాటికి పుస్తకాల్లో ఏదో పేరుంది. ఊరగాయ జాడీల్లా ఉన్నాయని గవరయ్య జాడీలన్నాడు. విదులకు ఆ పేరు నచ్చింది.

మెతుకు పట్టిన చోటికే మబ్బు మొత్తం దిగి రావచ్చు. అందుకే కొండ కొమ్మున ఇనుప స్తంభం నిలబెట్టారు. స్తంభం నుంచి, పెట్టె నుంచి, జాడీల నుంచి అరచేతి వెడల్పు రాగి పట్టీ దించి, బొగ్గూ ఉప్పూ నింపిన గోతిలో పాతారు. పట్టీ గట్టిగా ఉంటే పిడుగు స్తంభం మీద పడి, పట్టీ వెంట దిగి, గోతిలో చచ్చిపోతుంది. పొలాల్లో వంగిన నడుముల మీద పడదు.

పట్టీ లేకపోతే ఏమవుతుందో కిందటేడు తెలిసింది. మొదటి పరీక్షకు ముందు ఎవరో రాగి కోసం పట్టీ కింది భాగం కోసుకుపోయి పైన మట్టి కప్పేశారు. పెట్టె వేసేముందు గవరయ్యా, విదులా ఇద్దరూ పట్టీ పైకొస లాగి చూశారు. గట్టిగానే ఉంది. కింది కొస ఇద్దరూ చూడలేదు. పిడుగు స్తంభం మీదే పడింది గాని, దిగే దారి లేక తడినేల వెంట పక్కకు పాకింది. కొండ వాలులో మేకల దొడ్డి, దాని చుట్టూ ముళ్ళతీగ. తీగ పట్టుకుని నిలబడ్డ బోడెమ్మ కొడుకులిద్దరూ దానికి అతుక్కుపోయి కాలిపోయారు. మేకలు కడుపులు ఉబ్బి, కాళ్ళు బిగిసి పడి ఉన్నాయి. కొడుకుల చేతులు విడదీయడానికి తీగను కొయ్యాల్సి వచ్చింది. పెద్దవాడి అరచేతిలో దిగిన ఇనుప ముళ్ళను బోడెమ్మ పళ్ళతో పీకింది.

మర్నాడు ఊరు కదిలింది. కొండ మీద కాపలా ఉండే వాచ్‌మన్ రెండు కాళ్ళూ బండరాళ్ళతో చితక్కొట్టారు. గవరయ్యను స్తంభానికి కట్టి పార కామతో కొట్టారు. మెడ కింద ఎముక విరిగిన చప్పుడు కొట్టినవాడికే వినబడి, వాడే కామ పారేశాడు. కట్టు విప్పాక కూడా గవరయ్య ఎడమ భుజం కిందికే ఉండిపోయింది. నూకరత్నం పని మానమని ఏడ్చింది, అన్నం మానేసింది. అతను మానలేదు. ఆ పెట్టె మూలపడితే ఆ పిల్లలిద్దరూ ఊరికే పోయినట్టే కదా అన్నాడు.

ఈసారి ఏ తప్పూ జరక్కూడదని విదుల పెట్టెకు నోరు పెట్టింది. వానలో తెర కనబడదు, ముల్లు కనబడదు. కాబట్టి తన సంగతి తనే పైకి చెప్పాలి, అదీ అక్కడి మనుషుల గొంతుతో. ఎవరి గొంతైతే బాగుంటుందని అడిగితే గవరయ్య సిగ్గుపడుతూ భార్య పేరు చెప్పాడు. భార్యాభర్తలిద్దర్నీ పట్నం పిలిపించి, నూకరత్నాన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికి కాగితం ఇచ్చారు. పట్టీ నేలకు అందిందో తెగిందో, జాడీల్లో ఏముందో చెప్పే మాటలవి. భూమి అందింది. భూమి తెగింది. జాడీలు నిండాయి. ఇంతవరకూ గడగడా చదివింది. తరవాతి మాట జాడీలు ఖాళీ. అక్కడ ఆగిపోయింది. మొగుడు పనిచేసే చోట, అతని నెత్తి మీద మబ్బున్నప్పుడు, తన నోటితో ఆ మాట పలకనంది. రికార్డు చేసే ఆయన వాచీ చూసుకున్నాడు.

గవరయ్య నవ్వాడు. "నిండుకున్నాయి అనీ. ఇనేది నాను. నాకు తెలిస్తే చాలదేటి?"

ఆమె అంది. శుభంగా, తేటగా అంది.

ఆ పలుకులు విదుల దగ్గరికి కాగితం లేకుండా చేరాయి. ఆమె భోపాల్‌లో పుట్టి పెరిగింది. తెలుగు ఇష్టపడి పుస్తకాల్లో నేర్చుకుంది. కళ్ళు నీళ్ళతో నిండుకోవడం ఆమె చదివింది, చెరువు నిండుకోవడం చదివింది. బియ్యం నిండుకోవడం ఎన్నడూ వినలేదు. ఏ వంటింట్లోనూ తెలుగు మాటల మధ్య ఆమె పెరగలేదు. నిండాయి, నిండుకున్నాయి అని రెండు పలుకులు వినబడేసరికి ఒకే మాట రెండుసార్లు చెప్పించారనుకుంది. రెండోది ఇంకా తేటగా ఉంది. దాన్ని నిండిన జాడీలకు పెట్టి మొదటిది తీసేసింది. ఖాళీకి మాట కనబడకపోతే, ఖాళీగా ఉన్నప్పుడు పెట్టె ఊరుకుంటే సరిపోతుందిలే అనుకుంది. మాటలన్నీ ఎక్కించానని ఫోనులో చెప్పింది. కొండ మీద ఒక్కో మాటా పలికించి సరిచూసుకుందామని గవరయ్య అన్నాడు. అలాగే అంది.

నూకరత్నం సంచి సర్దిన ఆ గురువారం గవరయ్యా, విదులా కొండ మీదికి చేరేసరికి పడమట నల్లగా లేచింది. కిందటేటి గొడవ తరవాత కాపలా పెట్టిన కానిస్టేబుళ్ళను ఆ వారం వేరే చోట బందోబస్తుకు పంపేశారు. విదుల ఆకాశం చూసి, మాటలు సరిచూసే వ్యవధి లేదు, పెట్టె వేసేద్దామంది. గవరయ్య తొందరపడలేదు. పెట్టె కింద ఎండిన చెక్క పలక సరిచేసి, దాని మీద రబ్బరు చాప పరిచాడు. పట్టీ పైకొస లాగి చూశాడు. తరవాత గోతి దగ్గరికి దిగి, చేతులతో మట్టి తోడి, కింది కొస కూడా లాగి చూశాడు. గోతిలో బిందెడు నీళ్ళు పోశాడు. కీలు దగ్గర పట్టిన చిలుమును ఇసుక కాగితంతో తోమి, మర బిగించి, ఎర్ర తొడుగులు వేసుకుని, పెట్టె ఒంటిని కర్రతో ఒకసారి, జాడీలను ఒక్కొక్కటిగా ఇంకోసారి తాకించాడు. ఫ్యూజు తీసి వెలుతురులో చూసి పెట్టాడు. అప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో స్విచ్చి వేశాడు.

"భూమి అందింది," అంది పెట్టె నూకరత్నం గొంతుతో.

గవరయ్య ముఖం వెలిగిపోయింది. ఇంట్లో కూడా ఇంత మెల్లగా మాట్లాడదు మేడమ్ అన్నాడు.

కింద పొలంలో నూకరత్నం మోకాలిలోతు బురదలో నారు నాటుతోంది. వరసలో ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉన్నారు. బోడెమ్మ లేదు. ఆమెతోపాటు వచ్చే ఆమె తమ్ముళ్ళూ గట్టు మీద లేరు. నూకరత్నం నడుమెత్తి కొండవైపు చూసింది. మెరుపు వెలుగులో వాలు మీద మనుషులు ఎక్కుతూ కనిపించారు. చేతుల్లో ఏవో పొడుగ్గా ఉన్నాయి. అదే సమయంలో సైరన్ కూసింది. ఆడవాళ్ళు నారు కట్టలు పారేసి బడివైపు పరిగెత్తారు. నూకరత్నాన్ని ఇద్దరు రెక్క పట్టుకుని లాక్కుపోయారు.

కొండ మీద మొదటి రాయి విదుల కణతకు తగిలింది. ఆమె కూలబడింది. రక్తం కళ్ళలోకి, నోట్లోకి కారింది. బోడెమ్మ చేతిలో కట్టెలు నరికే కత్తి ఉంది. ఆమె గవరయ్య వైపు చూడను కూడా లేదు, పెట్టెనే చూసింది.

"రెండు పేణాలు చాల్లేదేటి దీనికి? ఇదే పిలుత్తాది పిడుగుని."

"పిలుత్తాదమ్మా. పిలిసి గోతిలో పాతీత్తాది. ఆ పట్టీ తెంపకు, నీకు దండం పెడతాను."

అతని దండం గాలిలో ఉండగానే ఒకడు అతని పక్కన ఆనించిన పొడుగు కర్ర అందుకుని వీపు మీద విరగ్గొట్టాడు. రెండో దెబ్బకు కొక్కెం ఊడి లోయలోకి ఎగిరిపోయింది. ఇంకొకడు మచ్చుకత్తి విసిరాడు. గవరయ్య అడ్డం పెట్టిన చేతుల మీద అది దిగి, ఎర్ర తొడుగులు రెండూ, కింద చర్మమూ ఒకేసారి చీలాయి. రబ్బరు ముక్కలు చేతుల నుంచి వేలాడాయి. పొత్తికడుపులో తన్నారు. విరిగి అతుక్కున్న ఎముక మీదే మళ్ళీ కొట్టారు. అతను మోకాళ్ళ మీద పాకుతూ పట్టీకి అడ్డం పడ్డాడు. వాళ్ళు కాళ్ళు పట్టి లాగేశారు. బోడెమ్మ కత్తి రెండు చేతులా ఎత్తి పట్టీ మీద వేసింది. మూడు వేట్లకు తెగింది.

"భూమి తెగింది," అంది నూకరత్నం గొంతు.

ఎవరూ కదల్లేదు. ఆ గొంతు అందరికీ తెలుసు. నారు మడిలో వాళ్ళ పక్కన వంగే మనిషి గొంతు.

"భూమి తెగింది," అని మళ్ళీ అంది, మెల్లగా, పిల్లల్ని అన్నానికి పిలిచినట్టు.

గవరయ్య లేచి, అలవాటుగా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, స్విచ్చి కట్టేశాడు. పెట్టె నోటికి వేరే బ్యాటరీ ఉంది, అది మాట్లాడుతూనే ఉంది. పెట్టె ఆగినా స్తంభం నిలబడే ఉంది. పైన మబ్బు స్తంభం దాకా వంగింది. అందరి తలల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. బోడెమ్మ నెరిసిన జుట్టు ముడి విడిపోయి పైకి లేచింది. దిగిపొండి, దొర్లుకుంటూనైనా దిగిపొండని గవరయ్య అరిచాడు. వాళ్ళు బెదిరిపోయి, ఏ వైపు పరిగెత్తాలో తెలియక, తడినేల మీద గుంపుగా నిలబడిపోయారు. పట్టీ అతకకపోతే పిడుగు వాళ్ళ కాళ్ళ కిందుగానే పాకుతుంది.

పట్టీ అతకాలంటే జాడీల్లో ఏమీ ఉండకూడదు. స్విచ్చి కట్టేశాక వాటంతట అవే కారిపోతాయి, కాస్త సమయం పడుతుంది. తాకించి చూడడానికి కర్ర లేదు. తొడుగులు లేవు. టెస్టరున్న సంచి ఎవరి కాళ్ళ కిందో నలిగిపోయింది. అతను పెట్టె మీది మీట నొక్కి, జాడీల సంగతి అడిగాడు.

"జాడీలు నిండుకున్నాయి," అంది అతని భార్య.

అది ఆమె గొంతు. ఆమె ఆ మాట ఎందుకు అందో అతనికి తెలుసు. ఆ గాజు గది, ఆమె పంతం, తను నవ్వడం, అన్నీ తెలుసు. పొద్దున్నే ఇంట్లో ఆవకాయ గురించి అన్నదీ అదే మాట. మేడమ్ మీద తను వేసిన పరాచికం మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు. ఎడమ చెయ్యి జేబులోంచి తీశాడు. ఒక చేత్తో పట్టీ అతకదు.

విదుల అది చూసింది. మోచేతుల మీద పాకుతూ, నోట్లో రక్తం ఉమ్మి, గొంతు చిరిగేలా అరిచింది.

"నిండుకున్నాయి గవరయ్యా! నిండుకున్నాయి!"

తరవాత ఆమె ఇంకా ఏదో అంది. ఉరుము దాన్ని మింగేసింది. గవరయ్య ఆమె వైపు తిరిగి తల ఊపాడు.

"ఇన్నాను మేడమ్."

తెగిన కొసలు రెండూ రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాగాడు.

జాడీలు ఒక్కసారిగా అతనిలోంచి దిగాయి. తెల్లటి వెలుగు, తుపాకి పేలినట్టు చప్పుడు. అతని నడుము విల్లులా వెనక్కి వంగి, వీపులో ఏదో ఫటుక్కున విరిగింది. చొక్కా బొత్తాలు ఎగిరిపోయాయి. చెప్పులు కాళ్ళ నుంచి ఊడి పొగలు కక్కుతూ పడ్డాయి. గుప్పిళ్ళు మాత్రం విడలేదు. వాటి మధ్యలో రాగి కరిగి, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి. ఆ వెంటనే మబ్బు విరుచుకుపడింది. పిడుగు స్తంభం మీద పడి, పట్టీ వెంట, ఆ చేతుల మీదుగా దిగి, గోతిలోకి పోయింది. గోతిలో పోసిన నీళ్ళు ఆవిరై బుస్సుమని లేచాయి. గుంపులో ఎవరికీ ఏమీ కాలేదు. బోడెమ్మకు చెవులు వినబడకుండా పోయాయి, అంతే.

ఆమే ముందు అతని దగ్గరికి వెళ్ళింది. ఆ చేతులు ఎలా విడదీయాలో ఆమెకు తెలుసు. కత్తితో పట్టీని రెండు పక్కలా నరికింది.

సంచి నూకరత్నం ఇంటికి తిరిగి వచ్చింది. అన్నం గిన్నె సొట్టపడింది, కట్టిన గుడ్డ ముడి అలాగే ఉంది. ఆమె దాన్ని విప్పలేదు.

కొన్నాళ్ళకు విదుల వచ్చింది, తలకు కట్టుతో. చాప మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుంది, తాగలేదు. తనకు నిద్ర పట్టడం లేదని, ఒక్క సంగతి తెలియక పిచ్చెక్కుతోందని చెప్పింది. పెట్టె హెచ్చరించింది. తనూ అరిచింది. అతను విన్నానన్నాడు. విని కూడా చేతులు పెట్టాడు. అంత జాగ్రత్త గల మనిషి ఎందుకలా చేశాడు?

పెట్టె ఏమని చెప్పిందని నూకరత్నం అడిగింది. నువ్వేమని అరిచావని కూడా అడిగింది.

విదుల ఆ మాట చెప్పింది.

నూకరత్నం లేచి వంటింట్లోకి వెళ్ళింది. పై అర మీది నుంచి ఆవకాయ జాడీ దించి తెచ్చి, మూత తీసి, విదుల ముందు చాప మీద బోర్లించింది. ఎండిపోయిన మెంతిగింజ ఒకటి దొర్లిపడింది.

"ఇది నిండుకుంది తల్లీ," అంది.

విదుల ఆ జాడీని చూసింది. గింజను చూసింది. గ్లాసు చేతిలోంచి జారి నీళ్ళు చాప మీద పారాయి. నూకరత్నం వాటిని తుడవలేదు, ఆమెను తిట్టనూ లేదు. మాట అన్నది తను. అనమన్నది అతను. పెట్టెలో పెట్టింది ఈమె.

విచారణకు వచ్చిన అధికారి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నీ భర్త ఆ రోజు ఎక్కడికి వెళ్ళాడో నీ నోటితో చెప్పమ్మా అన్నాడు. పనిలోకెళ్ళాడు అని ఆమె నోటిదాకా వచ్చింది. ఇక ఆ జాగ్రత్త ఎవరి కోసమని ఆగి, ఉన్నదున్నట్టు చెప్పింది. అధికారి అదే రాసుకున్నాడు.

జూలై పద్దెనిమిది, గురువారం ఉదయం గవరయ్య కొండెక్కాడు. తిరిగి రాలేదు.